కొలతల పుస్తకంలో కొండదారి

"బ్రేకు పడకపోతే?" అన్నాను.

అప్పటికి బండి ఇంకా కొననే లేదు. ఉద్యోగం కాగితం మాత్రం వచ్చింది. మా అమ్మాయి దాన్ని బల్ల మీద పెట్టి, ఫ్యాను గాలికి ఎగరకుండా నీళ్ళ గ్లాసు బరువు పెట్టి, భోజనం మధ్యలో మాటిమాటికీ దానివైపే చూసుకుంటోంది. కొండమీది ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసే ఉద్యోగం. వానాకాలం వెళ్ళేలోగా చేరాలి. ఉదయం ఎనిమిదికల్లా అక్కడ ఉండాలి. మొదటి బస్సేమో తొమ్మిదిన్నరకి గానీ కొండెక్కదు. అందుకని ఒక పాత కారు చూశానంది. చిన్నదేనట, ఖరీదైనదేం కాదట, కానీ భలే చురుకైనదట. దాన్ని రోజువారీ తిరుగుడికీ, కొండదారికీ తగ్గట్టు తనే మార్చుకుంటుందట. నాకు అందులో ఒక్క ముక్క చెవికెక్కితే ఒట్టు. ఆ కొండదారిలోని ముప్పై ఆరు మలుపులు మాత్రం కళ్ళముందు గిర్రున తిరిగాయి.

"బ్రేకు పడకపోతే ఏం చేస్తావే?"

"పడేలా చేస్తానమ్మా."

"నేనడిగింది అది కాదు. పడకపోతే?"

నేను అడిగింది దాన్నే అయినా ఆ మాట తగిలింది మా ఆయనకి. ఆయన వేళ్ళు కంచంలో ఆగిపోయాయి. కాసేపటికి లేచి, చెయ్యి కడుక్కుని, వరండాలో పడక్కుర్చీలోకి వెళ్ళి కూర్చున్నారు.

ఆయన ఆ కొండదారిలో ఇరవై రెండేళ్ళు బస్సు నడిపారు. పదకొండేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం దిగి వస్తుంటే పందొమ్మిదో మలుపు దగ్గర బ్రేకులు పోయాయి. బస్సులో నలభై ఒక్కమంది. నలభై ఒక్కమందీ వాళ్ళ కాళ్ళమీద వాళ్ళు నడిచి ఇళ్ళకి వెళ్ళారు. ఈయనా వచ్చారు. యూనిఫాం చొక్కా విప్పి మేకుకి తగిలించారు, అంతే. ఏం జరిగిందో డిపోలో రాసిచ్చారట గానీ ఇంట్లో ఒక్క మాట చెప్పలేదు. రిటైరయ్యేదాకా టికెట్లిచ్చే కిటికీ వెనక కూర్చున్నారు. ఆ రోజు నుంచీ ఏ బండిలోనూ ముందు సీట్లో కూర్చోరు. బస్సెక్కితే చివరి వరసలోకి, కారెక్కితే వెనక సీట్లోకి, దారి కనబడని చోటికి పోతారు. మిగతా విషయాల్లో మామూలు మనిషే. కూర్లో ఉప్పు తక్కువైందంటారు, నా మీద జోకులేస్తారు. ఆ ఒక్క విషయం దగ్గర మాత్రం నోటికి తాళం.

నా సంగతి చెప్పనక్కర్లేదు. పాలు పొయ్యి మీద పెడితే ఇల్లంటుకుంటుందేమోనని భయం. ఫోను మోగితే భయం, మోగకపోతే ఇంకా భయం. "ఏడో తరగతితో చదువు ఆపేసినా, రాబోయే ప్రమాదాలు ఊహించడంలో మా అమ్మ డాక్టరేటు చేసింది" అని మా అమ్మాయి అందరికీ చెబుతుంది. కుట్టుమిషన్ మీద ఇల్లు సగం నడిపినదాన్ని. సూది వేలిలో దిగకముందే కెవ్వుమని అరిచేదాన్ని.

కారు వచ్చిన రోజు, అది కనబడకముందే వీధి వీధంతా తెలిసిపోయింది. పక్కింటామె పాలవాడి మోటారు సైకిలు పేలిందనుకుందట. ఎదురింటి టీచరమ్మ గేటు దగ్గరికి వచ్చి, "ఏమ్మా, విమానమా?" అంది. ఎర్రరంగు వెలిసిపోయి, నేలకి అంటుకుపోయి, గొంతుక్కూర్చున్న కప్పలా ఉంది. వెనకాల నా ఇస్త్రీ బల్లంత రెక్క ఒకటి! అంతకుముందు దాన్ని వాడినాయన స్ప్రింగులు కోయించి ఎత్తు తగ్గించి, చప్పుడు కోసం సైలెన్సర్ మార్పించి, వెడల్పాటి చక్రాలు వేయించాడట.

స్పానర్ బాబాయి దాని చుట్టూ రెండుసార్లు తిరిగాడు. ఆయన మా ఆయనతోపాటు డిపోలో పనిచేసిన మెకానిక్కు. రిటైరైనా జేబులో స్పానర్ లేకుండా పెళ్ళికి కూడా వెళ్ళడని ఆ పేరు.

"ఫోటోకి బాగానే ఉంది తల్లీ," అన్నాడు మా అమ్మాయితో. "కొండెక్కాలంటే మాత్రం ముందు దీని నగలన్నీ వలిచెయ్యాలి."

"అందుకేగా బాబాయ్ నిన్ను పిలిచింది."

"ఇంజను?"

"ఇంజను బంగారం. విని చూడు."

ఆయన బానెట్టు మీద చెయ్యి వేసి, కళ్ళు మూసుకుని, డాక్టరు గుండె విన్నట్టు విన్నాడు. తల ఊపాడు. మా ఆయన వరండాలో పేపరు తిరగేస్తున్నారు. ఆ పేజీ అరగంటైనా మారలేదు.

ఇంటి పక్కనున్న రేకుల షెడ్డు నాది. నా మిషను, నా బల్ల, నా కత్తెర్లు అన్నీ అక్కడే. మిషన్‌ని గోడవారకి జరుపుకుని కప్పకి చోటిచ్చాను. మొదటి రెండు రోజులూ నా నోరు ఆగలేదు. టైరు జారితే? ఎదురుగా లారీ వస్తే? మంచు కమ్మితే? దారి మధ్యలో ఆగిపోతే? మూడో రోజు అమ్మాయి కారు కిందనుంచి పాకుతూ బయటికి వచ్చి, చేతులు తుడుచుకుని, నా కొలతల పుస్తకం తీసి నా ముందు పెట్టింది.

"అమ్మా, ఇందులో రాయి."

"ఏం రాయను?"

"నీ భయాలు. ఒక్కటి కూడా వదలకు. నంబర్లు వెయ్యి. నువ్వు చొక్కా సరిచేసేటప్పుడు ఏం చేస్తావు? భుజం జారుతోంది, చెయ్యి పొడుగైంది, నడుము వదులైంది, అన్నీ రాసుకుని ఒక్కోటే సరిచేస్తావు కదా? ఇదీ అంతే. దీన్ని మోడిఫై చెయ్యడం అంటారు."

"ఆల్టరేషన్ అని చెప్పొచ్చుగా," అన్నాను. అదేదో ఒక్కసారిగా నాకు అర్థమయ్యే పనిలా అనిపించింది.

ఎవరిదో జాకెట్టు కొలతలు సగం రాసిన పేజీ తిప్పి, కొత్త పేజీలో మొదలుపెట్టాను. ఒకటి, బ్రేకు పడకపోతే. రెండు, టైరు జారితే. మూడు, బండి అడుగు రాయికి తగిలితే. సాయంత్రానికి ఇరవై రెండయ్యాయి.

ఆ ఐదు వారాలూ ఇల్లు ఆ పుస్తకం ప్రకారమే నడిచింది. పొద్దున్నే అమ్మాయి, స్పానర్ బాబాయి టీ తాగుతూ ఒక నంబరు ఎంచుకునేవాళ్ళు. పని పూర్తయ్యాక ఆ నంబరు పక్కన అమ్మాయి గ్రీజు బొటనవేలు నొక్కేది. టైరు జారితే అన్నదానికి, వెడల్పాటి చక్రాలు అమ్మేసి మామూలు కొలతవి తెచ్చారు, వాటికి తడిలో గట్టి పట్టున్న టైర్లు బజార్లో చెప్పిపెట్టారు. అడుగు తగిలితే అన్నదానికి, కోసేసిన స్ప్రింగులు పారేసి, పాతవాటికంటే కొంచెం బిగువైనవి పూర్తి ఎత్తులో వేశారు. "మలుపులో ఒరగదు, స్పీడ్‌బ్రేకర్ దగ్గర నడుము విరగదు. రెండూ కావాలి కదమ్మా, రోజూ తిరిగే బండి," అంది. మంచుకి పసుపు లైట్లు వచ్చాయి. లారీకి గట్టి హారను వచ్చింది. ఇస్త్రీ బల్ల ఊడి పాతసామాన్లలోకి పోయింది. మామూలు సైలెన్సర్ పెట్టిన రోజు టీచరమ్మ గేటు దాకా వచ్చి, "అమ్మేశారా?" అని అడిగింది. సీట్లకి మందపాటి గుడ్డతో కవర్లు నేనే కుట్టాను. డ్రైవరు సీటు అటూఇటూ గట్టిగా పట్టుకునేలా లోపల రెండు వరసల దూది కూరాను.

పన్నెండో నంబరు చూసి స్పానర్ బాబాయి తల పట్టుకున్నాడు. "చక్రం ఊడిపోతే అట! వదినా, మీరు డిపోలో ఇన్‌స్పెక్టరైతే ఒక్క బస్సు గేటు దాటేది కాదు."

"దాటకపోతే మంచిదేగా," అన్నాను.

నవ్వుతూనే వెళ్ళి, నాలుగు చక్రాల నట్లూ మళ్ళీ బిగించి వచ్చాడు.

బ్రేకులకి వారం పట్టింది. ముందు చక్రాలకి కొత్త డిస్కులు, వేడికి తట్టుకునే ప్యాడ్లు, కొత్త గొట్టాలు, కొత్త ఆయిలు. డిస్కంటే చక్రంతోపాటు తిరిగే ఇనప పళ్ళెం. ప్యాడ్లు దాన్ని రెండు వైపుల నుంచీ నొక్కి పట్టుకుంటే బండి ఆగుతుంది. అదంతా నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి మరీ చెప్పింది. అయినా ఒకటో నంబరు పక్కన వేలు నొక్కలేదు.

"అన్నీ మార్చావుగా, దీనికి కూడా నొక్కెయ్యి," అన్నాను.

అది వరండా వైపు చూసి గొంతు తగ్గించింది. "బ్రేకు పడేలా చెయ్యడం నా పనమ్మా. చేశాను. పడకపోతే ఏం చెయ్యాలి అని కదా నువ్వు రాసింది. అది చేసి చూపించినవాళ్ళు నాకు తెలిసి ఒక్కరే ఉన్నారు. ఆయన చెప్పాలి. చెప్పకుండా నేను కొండెక్కితే... ఎక్కుతాననుకో. కానీ ఆయన ప్రతిరోజూ ఆ కుర్చీలోనే కూర్చుని, నేను వచ్చేదాకా ఊపిరి బిగబట్టుకుంటారు. నువ్వు భయాన్ని బయటికి కక్కేస్తావు. ఆయన కక్కరు."

వరండాలో పేపరు పేజీ తిరిగిన చప్పుడైంది.

తర్వాత మూడు రోజులు ఒకటే వాన. షెడ్డుకి ఒకవైపు గోడ లేదు, జల్లు లోపలికి కొట్టింది. చక్రాలకి కొత్త టైర్లు ఎక్కించుకురావడానికి వాళ్ళిద్దరూ బజారుకి వెళ్ళారు. కారు నాలుగు స్టాండ్ల మీద, చక్రాలు లేకుండా, చెప్పులు విడిచిన మనిషిలా నిలబడి ఉంది. నేను మిషను మీదికి వెళ్ళబోతూ చూశాను. నిన్న అద్దంలా మెరిసిన ఆ రెండు కొత్త పళ్ళేలూ ఎర్రగా తుప్పు పట్టి ఉన్నాయి.

మోసపోయాం అనుకున్నాను. ఎవడో పాతవాటికి మెరుగుపెట్టి పిల్లకి అంటగట్టాడు. చెబితే అది ఎంత కష్టపెట్టుకుంటుందో! పైగా చేరాల్సిన రోజు దగ్గర పడింది.

తుప్పు సంగతి నాకు తెలియనిదా? నా మిషన్‌కి ఇన్నేళ్ళలో ఒక్క చుక్క తుప్పు అంటనివ్వలేదు. వానాకాలమైతే వారానికి రెండుసార్లు నూనె పెట్టాల్సిందే. ముక్కు పొడుగాటి నూనెడబ్బా తీసుకుని, మెత్తటి గుడ్డ తీసుకుని కూర్చున్నాను. గుండ్రంగా, పైనా కిందా, వేలు దూరని సందుల్లోకి కూడా నాలుగేసి చుక్కలు వేసి తుడిచాను. తుప్పు పోయి పళ్ళేలు తళతళలాడాయి. ఆ ఐదు వారాల్లో ఆ బండికి నా చేత్తో నేను చేసిన పని ఇదీ అని, ఎవరికీ చెప్పకుండా మురిసిపోయాను.

మర్నాడు మధ్యాహ్నం వాన తెరిపిచ్చింది. చక్రాలు బిగించారు. అమ్మాయి నేను కుట్టిన కవరు మీద కూర్చుని బండి స్టార్టు చేసింది. మొదటిసారి కొండ మొదలు దాకా వెళ్ళివస్తానంది. మా వీధి మా గేటు దగ్గర్నుంచి కిందికి వాలుగా ఉండి పెద్ద రోడ్డులో కలుస్తుంది. అక్కడ లారీలకి వేళాపాళా ఉండదు.

మా ఆయనకి ఒక అలవాటు ఉండేది. డిపో గేటు దాటే ముందు బస్సుని పదడుగులు కదిలించి మూడుసార్లు బ్రేకు తొక్కేవారు. ప్రయాణికులు విసుక్కునేవాళ్ళు. అమ్మాయి చిన్నప్పుడు ఆయన సీటు వెనక నిలబడి చూసి నేర్చుకుంది. సైకిలెక్కినా పదడుగులు, మూడు నొక్కులు. ఆ రోజూ అదే చేసింది.

మొదటిసారి తొక్కింది. బండి ఆగలేదు. రెండోసారి. ముందు భాగం కొంచెం వంగినట్టు వంగి, మళ్ళీ జారింది. మూడోసారి తొక్కుతూనే హ్యాండ్‌బ్రేకు లాగింది. బండి మెల్లగా, తొందరేమీ లేనట్టు, పక్కకి తిరిగి టీచరమ్మ గేటు స్తంభానికి రెండు జానల దూరంలో ఆగింది. మనిషి నడిచేంత వేగం కూడా లేదు.

స్పానర్ బాబాయి పరుగెత్తి మోకాళ్ళ మీద కూర్చుని చక్రంలోకి తల పెట్టాడు. "నూనె! తల్లీ, డిస్కు నిండా నూనె. బ్రేకు ఆయిల్ కాదిది. పల్చగా ఉంది. ఎక్కడ్నుంచి కారిందబ్బా..."

మా ఆయన కుర్చీలోంచి ఎప్పుడు లేచారో నేను చూడలేదు. వచ్చి వంగి, చక్రం సందులోంచి వేలు పెట్టి డిస్కుని తాకి, వాసన చూశారు. తలెత్తి నావైపు చూశారు. ముప్పై ఏళ్ళుగా నా చీర కొంగుకి ఉండే వాసన అది. ఆయనకి తెలిసిపోయింది. వేలు పంచెకి తుడుచుకున్నారు.

ఆయన చెప్పరని నాకు తెలుసు. నేను చెప్పకపోయినా గడిచిపోయేది.

"నేనే పూశాను," అన్నాను. "తుప్పు పట్టిందని. మిషను నూనె."

స్పానర్ బాబాయి చక్రంలోంచి తల బయటికి తీశాడు. "వదినా... అది తుప్పంటే తుప్పు కాదు. వానకి వస్తుంది, రెండుసార్లు బ్రేకు తొక్కగానే రాలిపోతుంది. దానికి నూనె..." అని ఆపేశాడు.

అమ్మాయి దిగి వచ్చి మా అరుగు మీద కూర్చుంది. గ్రీజు చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని, "అమ్మా, నేను మూడుసార్లు తొక్కి చూడకుండా రోడ్డెక్కి ఉంటే?" అంది.

పుట్టినప్పట్నుంచీ అలాంటి ప్రశ్నలు నేను దాన్ని అడిగాను. అది నన్ను అడగడం అదే మొదలు. నూనె తాగిన ప్యాడ్లు పనికిరావని, కొత్తవి తెప్పించాలని బాబాయి అంటుంటే వింటూ, ఆ ప్రశ్న దగ్గరే ఆగిపోయాను.

రెండు రోజులు షెడ్డులోకి అడుగు పెట్టలేదు. ఎవరో జాకెట్టుకి తొందర చేస్తే ఒంట్లో బాగాలేదని పంపేశాను. పుస్తకం తీసి చివర ఒక్క మాట రాశాను. ఇరవై మూడు, నేను.

మూడో రోజు మధ్యాహ్నం టీ పట్టుకెళ్ళాను, గుమ్మం దగ్గర పెట్టి వచ్చేద్దామని. లోపల నా స్టూలు మీద మా ఆయన కూర్చుని ఉన్నారు. చక్రాలు విప్పి ఉన్నాయి. స్పిరిట్ సీసా పక్కన పెట్టుకుని, డిస్కుని తుడుస్తున్నారు. అమ్మాయి, స్పానర్ బాబాయి దూరంగా గోడకి ఆనుకుని, ఎవరైనా దగ్గితే వాలిన పిట్ట ఎగిరిపోతుందన్నట్టు నిలబడ్డారు. ఆయన నావైపు తిరక్కుండానే చెయ్యి చాచారు.

"గుడ్డ ఇవ్వు. నూనె అంటనిది."

లైనింగు కోసం దాచిన తెల్లటి గుడ్డ చింపి ఇచ్చాను. తుడిచి, గుడ్డ చూసి, పక్కన పడేసి, మళ్ళీ చెయ్యి చాచారు. ఇంకో ముక్క. ఇంకో ముక్క. ఏడో ముక్క తెల్లగా వెళ్ళి తెల్లగా వచ్చింది. దాన్ని నా కళ్ళముందు పెట్టి అటూఇటూ తిప్పి చూపించారు. నేను తల ఊపాక రెండో డిస్కు దగ్గరికి స్టూలు జరుపుకున్నారు.

"అన్న చెయ్యి పెట్టాడు," అన్నాడు స్పానర్ బాబాయి గుసగుసగా. "ఇంక నాకేం పని, టీ తాగుతాను."

ఆ సాయంత్రం అమ్మాయి పుస్తకం తెరిచి నా ఇరవై మూడో నంబరు చూసింది. నవ్వలేదు. "దీనికి బిగించడానికి నట్టు లేదమ్మా," అంది. పుస్తకం నావైపు తిప్పి, "ఒక పని చెయ్యి. రోజూ పొద్దున నేను బండి తీసేముందు నువ్వే చుట్టూ తిరిగి చూడు. నీ కంటికి కనబడినంత తేడా మా ఇద్దరికీ కనబడదు. తుప్పు కూడా మాకంటే ముందు నువ్వే చూశావు. ఏం కనబడినా చెప్పు. పూయకు. చెప్పు." అని నంబరు పక్కన వేలు నొక్కింది.

ఇక మిగిలింది ఒకటో నంబరే.

ఉద్యోగంలో చేరే ముందు రోజు ఆదివారం. అందరం కలిసి కొండెక్కి వద్దామంది అమ్మాయి. నేను తెల్లవారకముందే లేచి సర్దుకున్నాను. దుప్పటి, తాడు, నీళ్ళ డబ్బా, మందుల పెట్టె, రెండు గొడుగులు, టార్చి, ఫ్లాస్కు, పుస్తకం. కప్పకి రెండే తలుపులు. ముందు సీటు వంచి వెనక్కి దూరాలి. నేను దూరి, సామాన్లన్నీ చుట్టూ పేర్చుకుని కూర్చునేసరికి మోకాలు కదపడానికి చోటు లేదు.

"నాన్నా, రా," అని పిలిచింది అమ్మాయి.

ఆయన వచ్చి, అలవాటుగా సీటు వంచి, వెనక్కి చూశారు.

"ఇదంతా ఎందుకే? దేశాంతరం పోతున్నామా?"

"అవసరం పడితే?" అన్నాను.

ఆయన నన్ను చూశారు. నీళ్ళ డబ్బాని చూశారు. దుప్పటిని చూశారు. కావాలని పేర్చానని తర్వాత ఎంతోమంది అన్నారు. అంత తెలివి నాకెక్కడిది? భయంతో పేర్చాను, అంతే. ఆయన సీటుని మళ్ళీ నిలబెట్టి, దులిపి, ముందు కూర్చున్నారు. తలుపు వేసుకున్నారు. అమ్మాయి బండిని పదడుగులు కదిలించి మూడుసార్లు బ్రేకు తొక్కింది. మూడుసార్లూ ఉన్నచోటే గుద్దినట్టు ఆగింది.

కొండెక్కడం గురించి చెప్పాలంటే, నేను కళ్ళు మూసుకుందామనే అనుకున్నాను. మూయలేదు. బండి మలుపులోకి ముక్కు పెట్టిందంటే దారం వెంట సూది పోయినట్టు పోయింది. ఒరగలేదు, జారలేదు. తడిరోడ్డు మీద టైర్లు జిగురుపెట్టినట్టు పట్టుకున్నాయి. అమ్మాయి చేతులు స్టీరింగు మీద తేలిగ్గా ఉన్నాయి. పిండి కలిపేటప్పుడు కూడా దాని చేతులు అంత నిదానంగా ఉండవు. ముందు పది మలుపులూ మా ఆయన కుడికాలు నేలని తొక్కుతూనే ఉంది, అక్కడ బ్రేకు ఉన్నట్టు. ఇరవై ఐదో మలుపు దగ్గర చూస్తే ఆ కాలు ఊరికే ఉంది.

పైన ఆసుపత్రి మంచులో సగమే కనబడింది. గేటు దగ్గర ఆగి ఫ్లాస్కులోని టీ తాగాం. "ఆ మూల కిటికీ నాదే," అని చూపించింది. తిరిగి బయల్దేరాం.

దిగడమే అసలు పరీక్ష. రెండో గేరులో, ఇంజను గొంతు బిగబట్టి పట్టుకుంటుంటే, బండి నింపాదిగా దిగుతోంది. మలుపుల పలకలు లెక్కపెడుతున్నాను. ముప్పై. ఇరవై ఏడు. ఇరవై నాలుగు దగ్గర లారీ ఎదురైతే అమ్మాయి పక్కకి తీసి ఆపి దారిచ్చింది. లారీ డ్రైవరు చెయ్యెత్తి పోయాడు. ఇరవై ఒకటి. ఇరవై. నేను అడగాలనుకోలేదు. ఆ మాట నా నోట్లోంచి దానంతటదే వచ్చింది.

"బ్రేకు పడకపోతే?"

మలుపు తిరిగాం. పలక మీద పందొమ్మిది అని ఉంది. మా ఆయన ఎడమచెయ్యి లేపి అరచెయ్యి చూపించారు, డిపోలో బస్సుని ఆపించినట్టు. అమ్మాయి బండిని కొండవారకి తీసి ఆపి, ఇంజను కట్టేసింది. ఆయన వైపు కొండరాయి. రాతి మీద, మనిషి భుజమెత్తున, పది బారల పొడుగున ఒక గీత చెక్కేసినట్టు ఉంది. దాని మీద నాచు పట్టింది.

ఇంజను చల్లారుతూ టిక్కు టిక్కుమంటోంది. పైనెక్కడో నీళ్ళు కారుతున్నాయి. ఒక బస్సు మమ్మల్ని దాటి దిగిపోయింది. దాని చప్పుడు పూర్తిగా ఆగిపోయింది. అమ్మాయి తాళం చెవి ముట్టుకోలేదు. నేను నీళ్ళ డబ్బాని గట్టిగా పట్టుకుని కూర్చున్నాను.

"కాలు తియ్యాలి," అన్నారాయన.

ఆ గీతవైపే చూస్తూ చెప్పారు.

"పడని బ్రేకు మీద బలమంతా పెట్టి కూర్చుంటే చేతులు కూడా బిగుసుకుపోతాయి. అందుకని ముందు కాలు తియ్యాలి. తీసి మళ్ళీ తొక్కాలి, రెండు మూడుసార్లు. అప్పటికీ రాకపోతే బ్రేకన్నది ఉందనే మర్చిపోవాలి. గేరు దించాలి. హ్యాండ్‌బ్రేకు కొంచెం కొంచెంగా లాగాలి. లోయవైపు చూడకూడదు. ఎటు చూస్తే బండి అటే పోతుంది. కొండని చూడాలి. మెల్లగా తెచ్చి కొండకి ఆనించాలి. రేకు చీరుకుపోతుంది, అద్దాలు పగులుతాయి. పగలనీ. కొండే పట్టుకుంటుంది."

ఆయన తలుపు అద్దం కొంచెం కిందికి దించారు.

"అద్దాలు పగిలినప్పుడు వెనకాల ఎవరో పసిపిల్ల ఏడుపు మొదలెట్టింది. బస్సు ఆగాక కూడా ఆ ఏడుపే చెవిలో ఉంది. ఏడుస్తోందంటే బాగానే ఉందని నాకు తోచడానికి చాలా రోజులు పట్టింది."

అమ్మాయి ఆయన చేతి మీద చెయ్యి వేసింది. నేను దుప్పటి కింద తడిమి కొలతల పుస్తకం తీశాను. ఒకటో నంబరు దగ్గర వేలు పెట్టి, పెన్సిలు మొన నాలుకకి తగిలించుకుని, "కొంచెం మెల్లగా చెబుతారా, రాసుకుంటాను," అన్నాను.

ఆయన సీట్లోంచి మొత్తం వెనక్కి తిరిగి నన్ను చూశారు. నా పెన్సిలు కాగితం మీద ఆనేదాకా ఆగారు.

"ముందు," అన్నారు, "కాలు తియ్యాలి."